తప్పు అడవిది కాదు



గత నెల మా ఆపా ఇంట రెండు రోజులు గడిపాను. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, కిన్నెరసాని అడవుల అంచున ఉన్న పల్లె అది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మేనకోడలు రాత్రి ఇషా నమాజు తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు వింటుంది. అదే గదిలో దాదీమా పడుకుంటారు. ఆమెకు ఆరోగ్యం బాగాలేదు, నిద్ర పలుచన. అందుకని అమ్మాయి చెవులకు బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుంటుంది. అది ఈద్ నాడు హైదరాబాదు నుండి వచ్చిన చాచా కుమారుడు ఆమెకు ఇచ్చిన కానుక.

నేను వెళ్లేసరికి ఆ కానుక చుట్టూ ఇంట్లో ఒక ముసురు కమ్ముకుని ఉంది. మూడు వారాలుగా హెడ్‌సెట్‌లో మాట తెగిపోతున్నది. లెక్కల మాస్టారి వాక్యం సగం వినిపిస్తుంది, సగం మింగుడుపడుతుంది. కంప్యూటర్ పెట్టెను ఒక దుకాణానికి తీసుకువెళితే మదర్‌బోర్డు మార్చవలసిందేనన్నారట. అమ్మాయి ప్రవేశ పరీక్షల కోసం దాచిన డబ్బును బావగారు అందుకు తీసి పెట్టారు. ఆపా అనుమానం మాత్రం హెడ్‌సెట్ మీద. "రెండు నెలలైనా నిలవని వస్తువును ఇచ్చాడు" అని ఆమె ఎవరితోనో అన్న మాట చాచా ఇంటికి చేరింది. ఆనాటి నుండి ఆ అబ్బాయి ఫోన్ చేయడం మానుకున్నాడు.

మేనకోడలిది వేరొక వాదన. "మామూ, మాది అడవి ఊరు కదా! ఫోన్ సిగ్నలే సరిగా అందదు. ఇక బ్లూటూత్ ఎలా అందుతుంది?" అన్నది.

ఒకే లోపానికి ఒకే ఇంట్లో మూడు నిందలు: యంత్రం మీద ఒకటి, ఇచ్చినవాని మీద ఒకటి, అడవి మీద ఒకటి. ఆ రాత్రి మేము చేసిన పరిశీలనను ఈ నెల శీర్షికలో వరుసగా వివరిస్తాను. ఇలాంటి ఇబ్బంది చాలా ఇళ్లలో ఉన్నది. దాని పరిహారానికి అనేక సందర్భాలలో రూపాయి ఖర్చు కూడా ఉండదు.

అడవికీ దీనికీ సంబంధం ఎంత?

మొదట మేనకోడలి వాదననే తీసుకుందాము. ఫోన్‌కు సిగ్నల్ అందాలంటే కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న టవర్ నుండి తరంగాలు రావాలి. నడుమ గుట్టలు, వానకు తడిసిన దట్టమైన చెట్లు ఉంటే వాటి శక్తి తగ్గుతుంది. బ్లూటూత్‌కు టవర్‌తో పని లేదు. కంప్యూటర్‌కూ హెడ్‌సెట్‌కూ నడుమ, ఒకే గదిలో, నేరుగా సాగే సంభాషణ అది. ఇళ్లలో వాడే పరికరాలలో చాలా వాటి ప్రసార శక్తి రెండున్నర మిల్లీవాట్లకు మించదు. అడ్డు లేకపోతే సుమారు పది మీటర్ల వరకు వినిపించగల మెల్లని గొంతు అనుకోవచ్చు.

ఈ గొంతు పలికేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. వైఫై రౌటర్లలో అధిక భాగం పలికేదీ అక్కడే, మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ అక్కడే. మన దేశంలో 2005 జనవరి నుండి తక్కువ శక్తి గల పరికరాలకు ఈ పట్టీలో లైసెన్సు అక్కరలేదు. కనుక అది అందరూ నడిచే బాట. ఖమ్మం పట్టణంలోని ఒక అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లకు పది రౌటర్లు ఉంటే ఆ బాట కిక్కిరిసి ఉంటుంది. అడవి అంచున, ఇంటికీ ఇంటికీ నడుమ చింతచెట్టో వేపచెట్టో ఉన్న పల్లెలో ఆ బాట దాదాపు ఖాళీ. అంటే బ్లూటూత్ విషయంలో మా మేనకోడలి ఊరు పట్టణం కన్నా అనుకూలమైన చోటు. తప్పు అడవిది కాదని తేలిపోయింది. ఇక వెతకవలసింది ఇంట్లోనే.

"ఎప్పటి నుండి?"

వైద్యుడు అడిగే ఈ ప్రశ్ననే యంత్రం విషయంలోనూ మొదట అడగాలి. మూడు వారాల కిందట ఏమి మారింది? ఆపా కాసేపు ఆలోచించి చెప్పింది. దాదీమాకు నలతగా ఉండడంతో ఆమె మంచాన్ని లోపలి గదిలోకి మార్చారు. రాత్రి ఒంటరిగా ఉండకూడదని అమ్మాయి చదువు బల్లను కూడా ఆ గదిలోకే తెచ్చారు. అంతకు మునుపు ముందు గదిలో కంప్యూటర్ పెట్టె బల్ల పైన, అమ్మాయి మోచేతి పక్కనే ఉండేది. కొత్త గదిలో చోటు చాలక దానిని బల్ల కిందకు, గోడకూ ఇనుప బీరువాకూ నడుమ ఉన్న సందులోకి నెట్టారు. ఇంటర్నెట్ రౌటర్‌ను తెచ్చి సరిగ్గా ఆ పెట్టె నెత్తినే పెట్టారు.

సగం జవాబు ఇక్కడే దొరికింది. అయినా ఊహతో ఆగకుండా పరీక్షించి చూడాలనుకున్నాము.

మూడు చిన్న పరీక్షలు

మొదటి పరీక్ష ఇంటర్నెట్‌ను పక్కన పెట్టడం. పాఠం తెగడానికి ఇంటర్నెట్ మందగించడం కూడా కారణం కావచ్చు. కనుక కంప్యూటర్‌లోనే దాచి ఉన్న ఒక పాఠాన్ని పెట్టి విన్నాము. అదీ తెగింది. ఇంటర్నెట్ నిర్దోషి.

రెండవది హెడ్‌సెట్‌ను వేరొక పరికరంతో జత చేయడం. కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపి, హెడ్‌సెట్‌ను ఆపా ఫోన్‌కు కలిపాము. ఇలా ఒకదానిని ఆపడం అవసరం, లేకుంటే కొన్ని హెడ్‌సెట్లు రెండింటి నడుమ ఊగిసలాడుతూ పరీక్షను తారుమారు చేస్తాయి. ఫోన్‌ను లోపలి గదిలో ఉంచి అమ్మాయి వసారా దాకా నడిచింది, వాకిట్లోని వేపచెట్టు దాకా వెళ్లి వచ్చింది. ఒక్క మాట తెగలేదు. ఆపా ఆ హెడ్‌సెట్‌ను చేతిలోకి తీసుకుని కాసేపు మౌనంగా చూసింది.

"అయితే మామూ, మదర్‌బోర్డే పోయినట్టా?" అని మేనకోడలు దిగులుపడింది.

మూడవ పరీక్ష అందుకే. హెడ్‌సెట్‌ను మళ్లీ కంప్యూటర్‌కు కలిపి, అమ్మాయిని బల్ల కిందకు వంగి పెట్టె వెనుక భాగానికి జానెడు దూరంలో తల ఉంచి వినమన్నాను. లెక్కల మాస్టారి గొంతు స్పష్టంగా వినిపించింది. లేచి కుర్చీలో కూర్చోగానే మళ్లీ ముక్కలైంది. చెడిపోయిన భాగమైతే దగ్గరలోనూ సరిగా పలకదు. దగ్గర పలుకుతూ దూరం పోలేకపోతున్నదంటే గొంతు బాగానే ఉన్నది, దానిని బయటికి చేర్చే మార్గమే మూసుకుపోయింది.

వెనుక రెండు ఖాళీ మరలు

టార్చి వేసి పెట్టె వెనుక చూశాము. ఇత్తడి రంగులో, మర చుట్లతో, చిటికెన వేలి కొన కన్నా సన్ననివి రెండు చిన్న మొలకలు బయటకు పొడుచుకుని ఉన్నాయి. వాటికి ఏమీ బిగించి లేదు. అవి యాంటెనాలు బిగించే చోట్లు.

ల్యాప్‌టాప్‌లో యాంటెనాలను సాధారణంగా తెర చుట్టూ ఉన్న అంచులో అమరుస్తారు. తెర తెరవగానే అవి బల్లకు పైన, మనిషికి ఎదురుగా నిలుస్తాయి. బల్ల మీది కంప్యూటర్ సంగతి వేరు. దాని పెట్టె ఇనుప రేకుతో చేసినది. రేడియో తరంగం లోహాన్ని చీల్చుకుని పోలేదు, గోడకు కొట్టిన బంతిలా వెనుదిరుగుతుంది. అందుకే తయారీదారులు యాంటెనాను పెట్టె వెలుపలికి తెచ్చారు. వైఫై, బ్లూటూత్ కలిసి ఉండే మదర్‌బోర్డులలో ఆ రెండింటికీ ఒకే చిన్న కార్డు, అవే యాంటెనాలు. అవి లేకపోయినా బ్లూటూత్ పూర్తిగా మూగపోదు, మూరెడు దూరం వరకు ఎలాగో పలుకుతుంది. ముందు గదిలో పెట్టె మోచేతి పక్కన ఉన్నన్నాళ్లు లోపం బయటపడకపోవడానికి ఇదే కారణం.

బావగారికి అప్పుడు గుర్తు వచ్చింది. కంప్యూటర్ అమర్చిన వ్యక్తి రెండు నల్లని పుల్లలను చూపి, "ఇవి వైఫైకి. మీకు ఇంటర్నెట్ తీగతో వస్తుంది కనుక అక్కరలేదు" అన్నాడట. వైఫై వరకు ఆ మాట నిజమే. బ్లూటూత్ కూడా ఆ పుల్లల మీదే ఆధారపడుతుందని ఆయనకు తోచలేదు. అటక మీద మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె ఇంకా ఉన్నది. అందులో సీడీ, కాగితాల కింద, ప్లాస్టిక్ సంచి కూడా విప్పని యాంటెనాలు రెండు దొరికాయి.

ఈ ప్రాంతపు పెద్దలకు యాంటెనా కొత్త విషయం కాదు. ఆకాశవాణి కొత్తగూడెం కేంద్రాన్ని వినడానికి ట్రాన్సిస్టర్ పుల్లను పైకి లాగి, అటూ ఇటూ తిప్పి, కిటికీ దగ్గర పెట్టుకున్న తరం వారిది. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, అందుకే ఆ పుల్ల అంత పొడవు. బ్లూటూత్ తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే, కనుక మూడు సెంటీమీటర్ల లోహపు తీగ కూడా యాంటెనాగా సరిపోతుంది. పుల్ల చిన్నదైంది, నియమం అదే. దాదీమా మంచం మీద నుండే, "కిటికీ వైపు పెట్టు బేటా" అన్నారు.

బిగించే పద్ధతి

కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, యాంటెనాలను చేతి వేళ్లతోనే మర తిప్పి బిగించాలి. కటింగ్ ప్లేయరు వాడితే మర చుట్లు చెడిపోతాయి. రెండింటిలో బ్లూటూత్‌కు ఏది ఉపయోగపడుతుందో పై నుండి చూసి చెప్పలేము కనుక రెండూ బిగించాలి. పుల్ల కొన మనవైపు గురిపెట్టినట్లు ఉండకూడదు, కొన దిశలో ప్రసారం అతి తక్కువ. నిటారుగా నిలిపితే చుట్టూ సమంగా అందుతుంది. కొన్ని కంప్యూటర్లకు పుల్లలకు బదులు తీగ చివర చిన్న దిమ్మె ఉన్న యాంటెనా వస్తుంది. దానిని బల్ల పైన పెట్టుకోవచ్చు కనుక అది మరింత మేలు. యాంటెనాలు పోయి ఉంటే అదే కొలత మర ఉన్నవి కొత్తవి దొరుకుతాయి. కొనేముందు పెట్టె వెనుక భాగాన్ని ఫోటో తీసి దుకాణంలో చూపండి.

తరువాత పెట్టెను సందులో నుండి బయటకు లాగి, బల్లకు రెండవ పక్కన, బీరువాకు దూరంగా పెట్టాము. రౌటర్‌ను కిటికీ గట్టు మీదకు మార్చాము. బీరువా, రేకు తలుపు, గాల్వనైజ్డ్ ట్రంకు పెట్టె, ఇవన్నీ తరంగానికి గోడలు. చెక్క బల్ల దాదాపు అడ్డు కాదు. ఇటుక గోడ కొంత తగ్గిస్తుంది, ఇనుప చువ్వల కాంక్రీటు ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. మనిషి శరీరంలో అధిక భాగం నీరే కనుక మనమూ ఒక అడ్డే. ఫోన్‌ను వెనుక జేబులో పెట్టుకుని హెడ్‌సెట్ వినేవారికి ఒక్కోసారి మాట తెగడం అందువల్లనే.

బిళ్ల వాడేవారికి

పాత కంప్యూటర్లలో బ్లూటూత్ ఉండదు. అలాంటివారు వేలిగోరంత యు.ఎస్.బి. బిళ్లను కొని పెట్టె వెనుక గుచ్చుతారు. అక్కడ రెండు చిక్కులు. ఒకటి, ఇనుప పెట్టె వెనుక ఆ బిళ్ల దాక్కుంటుంది. రెండవది చాలామందికి తెలియనిది. యు.ఎస్.బి. 3 రకపు వేగవంతమైన రంధ్రాలు పనిచేసేటప్పుడు వాటి నుండి వెలువడే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనూ పడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిని కొలిచి ప్రకటించింది. ఆ రంధ్రానికి వేగంగా నడిచే హార్డ్‌డిస్క్ తగిలించి, పక్క రంధ్రంలో బ్లూటూత్ బిళ్ల పెడితే, పిండిమర పక్కన నిలబడి గుసగుసలాడినట్లే.

నివారణ సులువు. యు.ఎస్.బి. 3 రంధ్రాల లోపలి భాగం సాధారణంగా నీలి రంగులో ఉంటుంది. బిళ్లను నల్లని లేక తెల్లని యు.ఎస్.బి. 2 రంధ్రంలోకి మార్చండి. అంతకన్నా మంచిది, మీటరు పొడవు యు.ఎస్.బి. ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కొని, బిళ్లను బల్ల మీదకు, కంటికి కనిపించే చోటికి తేవడం. మౌసు బాణం గెంతుతూ కదలడం, కీబోర్డులో నొక్కిన అక్షరం ఆలస్యంగా పడడం వంటి ఇబ్బందులు కూడా ఇలా తగ్గుతాయి.

బాట కిక్కిరిసిన చోట

పట్టణాలలోని పాఠకులు ఇంకొక పరీక్ష చేయాలి. కంప్యూటర్‌లో దాచిన పాఠాన్ని వింటూ రౌటర్‌ను ఒక నిమిషం ఆపి చూడండి. తెగడం ఆగిపోతే అడ్డు వైఫైదే. రౌటర్‌ను రెండు మూడు మీటర్లు దూరం జరపండి. అది 5 గిగాహెర్ట్జ్ పట్టీని కూడా ఇచ్చేదైతే ఫోన్లనూ కంప్యూటర్లనూ దానికి మార్చండి, 2.4 బాట బ్లూటూత్‌కు వదలినట్లవుతుంది.

నిజానికి బ్లూటూత్ ఈ రద్దీని ముందే ఊహించి పుట్టినది. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ సంస్థలో 1994లో దీని పని మొదలైంది. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దీనికి పెట్టారు. ఇది తన పట్టీని 79 సన్నని దారులుగా విభజించుకుని, సెకనుకు 1600 సార్లు ఒక దారి నుండి మరొక దారికి దూకుతుంది. 2003లో వచ్చిన మార్పుతో, ఏ దారులు రద్దీగా ఉన్నాయో గమనించి వాటిని తప్పించుకోవడం కూడా నేర్చుకుంది. ఇలా దూకే పద్ధతికి సినీనటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి 1942లోనే అమెరికాలో పేటెంటు పొందారు. అయితే ఎంత నేర్పుగా దూకినా, యాంటెనా లేకుండా ఇనుప బీరువా చాటున కూర్చోబెడితే ఏమి ప్రయోజనం?

కంప్యూటర్ లోపలి సర్దుబాట్లు

స్థలం మార్చినా, యాంటెనా ఉన్నా ఇబ్బంది తీరకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు చూడాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్లూటూత్ శీర్షిక కింద ఉన్న అడాప్టర్ పేరు మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అన్న పుట కనిపించవచ్చు. విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడి అందులో ఉంటే, దానిలోని టిక్కు తీసివేయండి. కార్డు తయారీదారు లేక మదర్‌బోర్డు తయారీదారు సొంత వెబ్‌సైటు నుండే కొత్త డ్రైవర్ దించుకోండి, దారినపోయే సైట్ల నుండి వద్దు. హెడ్‌సెట్‌ను జాబితా నుండి తొలగించి మళ్లీ జత చేయండి. హెడ్‌సెట్ బ్యాటరీ నిండుగా ఉన్నదో లేదో కూడా చూసుకోండి.

ఒక తేడాను గుర్తించడం ముఖ్యం. మాట తెగకుండా, పాత టెలిఫోనులో విన్నట్లు మొద్దుగా వినిపిస్తే అది సిగ్నల్ లోపం కాదు. సాధారణ బ్లూటూత్ హెడ్‌సెట్‌లోని మైకు తెరుచుకున్నప్పుడు, వినే ధ్వని నాణ్యతను తగ్గించి, మాట్లాడే ధ్వనికి చోటు ఇస్తారు. ఆన్‌లైన్ తరగతిలో చేరగానే పిల్లలు "సౌండు పాడైంది" అనడం చాలావరకు ఇదే. మైకుగా వేరొక తీగ మైకును ఎంచుకుంటే వినే ధ్వని మళ్లీ బాగుపడుతుంది.

తీగ హెడ్‌సెట్ కొంటే ఈ గొడవంతా ఉండదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. కుర్చీ నుండి కదలనవసరం లేనివారికి అదే చవక, అదే మేలు. మా మేనకోడలు పాఠం వింటూనే నడుమ లేచి దాదీమాకు నీళ్లు అందించాలి, మందు వేయాలి. ఆమెకు తీగ లేనిదే అనువు. పైగా అది చేతిలో ఉన్న వస్తువు. చేతిలో ఉన్నది బాగుగా పనిచేస్తుండగా ఇంకొకటి కొనడం వృథా వ్యయం.

ఆ రాత్రి

యాంటెనాలు బిగించి కంప్యూటర్ వేసేసరికి పదిన్నర దాటింది. మేనకోడలు హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది, లేచింది, మంచం చుట్టూ తిరిగింది, వంటగదిలోకి వెళ్లి నీళ్ల గ్లాసుతో తిరిగి వచ్చింది. పాఠం సాఫీగా సాగుతూనే ఉంది. మొత్తం అయిన ఖర్చు ఏమీ లేదు. బావగారు తీసి పెట్టిన డబ్బు మళ్లీ తన చోటికి చేరింది.

ఆపా మాత్రం వెంటనే సంతోషించలేదు. కాసేపు ఆగి ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్లింది. హైదరాబాదుకు చేసింది. "బేటా, నువ్వు ఇచ్చిన హెడ్‌సెట్ లక్షణంగా ఉంది. లోపం మా ఇంట్లోనే ఉండింది. నేను చూడకుండానే మాట అన్నాను, మనసులో పెట్టుకోకు" అన్నది. అవతల ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆపా కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రంజాన్‌కు తప్పక రావాలి" అంటూ నవ్వింది. లోపల దాదీమాకు అప్పటికే నిద్ర పట్టింది.

మీ ఇంట్లోనూ బ్లూటూత్ మొరాయిస్తే డబ్బు తీయక ముందు, ఎవరినైనా ఒక మాట అనక ముందు, ఈ వరుసను గుర్తుంచుకోండి. దాచిన పాఠం పెట్టి వినండి. హెడ్‌సెట్‌ను ఫోన్‌కు కలిపి చూడండి. దగ్గరగా వచ్చి వినండి. పెట్టె వెనుక యాంటెనా ఉన్నదో లేదో చూడండి, లేకపోతే అటక మీది అట్టపెట్టెలో వెతకండి. బీరువాకు, రౌటర్‌కు, నీలి రంధ్రానికి దూరం జరపండి. సర్దుబాట్లు ఆ తరువాత. మదర్‌బోర్డు సంగతి అన్నిటికన్నా చివరన.